పెద్ద దేశాలు చేతులు కలిపితే యుద్ధాలు ఆగిపోతాయా?

గాజువాక నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడు ఆయిల్ ట్యాంకర్ మీద థర్డ్ ఇంజినీర్. ఎర్ర సముద్రం మీదుగా వెళ్తున్నాడంటే ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ యుద్ధాలన్నీ అమెరికా, రష్యా, చైనాల ఆటే కదా? ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు చిన్న దేశాలు నలిగిపోతున్నాయి. ఆ పెద్దవాళ్లు ఒకచోట కూర్చుంటే ఇవన్నీ ఆగిపోవా? శాంతి దగ్గర పడుతుంటే ముందుగా ఎలా తెలుస్తుంది?"

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశాను. చీఫ్ ఇంజినీర్‌గా దిగిపోయాక కొన్నేళ్లు ఇక్కడ విశాఖలోనే మీ తమ్ముడి వయసు కుర్రాళ్లకు పాఠాలు చెప్పాను. యుద్ధాల గురించి నాకు తెలిసింది కొంత చదివినది, కొంత వాటి మధ్య నుంచి ఓడలో వెళ్తూ చూసింది. మీరు చెప్పిన ఆబోతుల సామెతతోనే నాకు పేచీ. ఎందుకో మన ఊరి నుంచే మొదలుపెడతాను.

ఆర్.కె. బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూసే ఉంటారు. తల తగలకుండా వంగి నడిచి, ఆ సన్నటి బంకులు చూసి, ఇందులో మనుషులు నెలల తరబడి ఎలా ఉన్నారో అనుకుంటూ బయటికి వచ్చేస్తాం. అది సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. ఈసారి వెళ్లినప్పుడు దాని పక్కనే నిలబడి ఒకసారి సముద్రం వైపు చూడండి. కొద్ది కిలోమీటర్ల దూరంలో, నీటి అడుగున ఇంకో సబ్‌మెరైన్ పడి ఉంది. అది పాకిస్తాన్‌ది, పేరు ఘాజీ. తయారైంది మాత్రం అమెరికాలో. 1945లో డయాబ్లో అన్న పేరుతో అమెరికా నౌకాదళంలో చేరి, 1963లో పాకిస్తాన్‌కు లీజు మీద వెళ్లింది. దాన్ని ముంచిందని మనవాళ్లు చెప్పే ఐఎన్ఎస్ రాజ్‌పుత్ బ్రిటన్ నుంచి వచ్చిన పాత డిస్ట్రాయర్. ఘాజీలోనే ఏదో పేలిందనో, అది పరిచిన మైన్ దానికే తగిలిందనో పాకిస్తాన్ వాదన. ఎవరి మాట నిజమైనా, అందులో ఉన్న 93 మందీ పోయారు.

1971 డిసెంబరు 3 రాత్రి నాకు బాగా గుర్తు. పదిహేనేళ్లవాణ్ణి, వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. కిటికీలకు నల్ల కాగితాలు అంటించాం, లాంతరుకు గుడ్డ చుట్టాం. అర్ధరాత్రి దాటాక కిటికీ రెక్కలు ఒక్కసారిగా గడగడలాడాయి. భూకంపం అనుకుని మా అమ్మ మమ్మల్నందరినీ వీధిలోకి లాగింది. వీధంతా అలాగే బయట నిలబడి ఉంది, ఒక్క దీపం లేదు. అది ఘాజీ పేలిన చప్పుడని మాకు తెలియడానికి రోజులు పట్టింది.

ఇప్పుడు చూడండి. అమెరికా ఆ సబ్‌మెరైన్‌ను పాకిస్తాన్‌కు ఇచ్చింది మన మీదికి పంపడానికి కాదు. పాకిస్తాన్ 1954లో సీటోలో, 1955లో బాగ్దాద్ ఒప్పందంలో చేరింది. కమ్యూనిస్టులను అడ్డుకోవడానికని ఆ కూటములు. కానీ పాకిస్తాన్ లెక్కలో శత్రువు రష్యా ఎప్పుడూ కాదు, మనమే. ఇచ్చినవాడి లెక్క ఒకటి, పుచ్చుకున్నవాడి లెక్క ఇంకొకటి. ఘాజీ మన తీరానికి వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం, అంటే పుచ్చుకున్నవాడి లెక్క ప్రకారం.

ఇక ఆ యుద్ధం ఎందుకొచ్చింది? అమెరికా, రష్యా తెచ్చిపెట్టింది కాదు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో అవామీ లీగ్ దాదాపు అన్ని సీట్లూ గెలిచి మొత్తం పాకిస్తాన్‌లోనే మెజారిటీ తెచ్చుకుంది. పశ్చిమాన ఉన్న సైనిక పాలకులు అధికారం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం జనం మీద పడింది. ఇంచుమించు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఇదంతా ఆ గడ్డ మీద పుట్టిన మంట.

పెద్ద దేశాలు చేసింది తర్వాతి పని. ఆ ఏడాది జూలైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా చైనా వెళ్లాడు. చైనాతో స్నేహం కలుపుకోవడానికి నిక్సన్‌కు పాకిస్తాన్ పాలకుడు దారి అయ్యాడు. దారి చూపినవాణ్ణి ఎలా అడ్డుకుంటాడు? ఢాకాలో ఏం జరుగుతోందో అమెరికా దౌత్యాధికారులే రాసి పంపినా వాషింగ్టన్ నోరు విప్పలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరులో భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలు వచ్చినప్పుడు సోవియట్ యూనియన్ మూడుసార్లు వీటో వేసింది. మన సైన్యం ఢాకా చేరడానికి కావలసిన రోజులు అలా దొరికాయి. అమెరికా ఎంటర్‌ప్రైజ్ విమాన వాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపితే, సోవియట్ ఓడలు దాని వెనకాలే వచ్చాయి. డిసెంబరు 16న 93 వేల మంది లొంగిపోయారు.

మంట ఇంటివాళ్లది. ఎంతసేపు మండాలి, ఎటు పాకాలి, ఎప్పుడు నీళ్లు చల్లాలి అన్నది మాత్రం బయటివాళ్ల చేతిలోకి పోయింది. నేను చూసిన, చదివిన యుద్ధాల్లో చాలావాటి తీరు ఇదే.

మా ఊరి సంగతి ఒకటి చెబితే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మాది భీమిలి దగ్గర పల్లె. అక్కడ ఒక జీడితోట గట్టు గురించి ఇద్దరు అన్నదమ్ముల పిల్లలకు తగాదా వచ్చింది. ఏడెనిమిది సెంట్ల గొడవ. ఒకరు ఒక పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్లారు, రెండోవారు ఎదుటి పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్లారు. ఆ నాయకులకు జీడితోటతో పనేమిటి? తన మనిషి ఓడిపోతే మండలంలో పరువు పోతుంది, అంతే. దాంతో ఇద్దరికీ లాయరు ఖర్చులకు, స్టేషన్‌లో మాట సాయానికి లోటు లేదు. పద్నాలుగేళ్లు నడిచింది. తలలు పగిలాయి, ఒక పెళ్లి ఆగిపోయింది. చివరికి ఒక నాయకుడు పార్టీ మారి రెండోవాడి పక్కన చేరాడు. మరుసటి నెల నుంచి కర్రలు లేవలేదు. కానీ తగువు తీరలేదు. ఇంకో మూడేళ్లకు సర్వేయరు వచ్చి, గొలుసు వేసి కొలిచి, రెండోవారికి బావి దగ్గరికి దారి వదిలితే అప్పుడు తీరింది.

కర్రలు ఆగడం వేరు, తగువు తీరడం వేరు. పెద్దవాళ్లు కలిస్తే మొదటిది జరగొచ్చు. రెండోదానికి గొలుసు వేసి కొలవాల్సిందే.

ఇప్పుడు ఓడల సంగతికొస్తాను. 1987లో నేను ఒక క్రూడ్ ట్యాంకర్ మీద సెకండ్ ఇంజినీర్‌ని. ఇరాన్, ఇరాక్‌ల మధ్య యుద్ధానికి అది ఏడో ఏడు. షత్ అల్ అరబ్ అనే నదిలో సరిహద్దు ఎక్కడ అన్నది వాళ్ల పాత తగువు. 1975లో అల్జీర్స్‌లో ఒప్పందం చేసుకున్నారు. ఇరాన్‌లో విప్లవం వచ్చి సైన్యం చెదిరిపోయిందని చూసి, ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ ఆ ఒప్పందాన్ని చించేసి 1980 సెప్టెంబరులో దండెత్తాడు. కొన్ని వారాల్లో తేలిపోతుందనుకున్నాడు.

ఎందుకు తేలలేదో ఒక ఇంజినీరుగా చెబుతాను. స్పేర్లు లేని ఇంజిన్ ఎన్నాళ్లు నడుస్తుంది? నెల, రెండు నెలలు. యుద్ధం కూడా అంతే. ఇరాక్ దగ్గర సోవియట్ ట్యాంకులు, ఫ్రాన్స్ మిరాజ్ విమానాలు, వాటికి ఎక్సోసెట్ క్షిపణులు. ఇరాన్ దగ్గర విప్లవానికి ముందున్న రాజు షా కాలంలో కొన్న అమెరికన్ విమానాలు ఉన్నాయి, వాటికి స్పేర్లు లేవు. అమెరికా ఒక చేత్తో ఇరాక్‌కు ఉపగ్రహ సమాచారం ఇస్తూ, ఇంకో చేత్తో 1985, 86లలో ఇరాన్‌కు రహస్యంగా క్షిపణులు అమ్మింది. చైనా ఇద్దరికీ అమ్మింది. ఎవరూ పూర్తిగా గెలవకూడదు, ఎవరూ పూర్తిగా ఓడిపోకూడదు అన్నట్టుగా సామాను అందుతూ పోయింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు అంటారే, అంతకన్నా దారుణం ఇది. ఇక్కడ నిప్పు ఆరకుండా కట్టెలు కూడా అందించారు.

రాత్రిళ్లు గల్ఫ్ ముఖద్వారమైన హోర్ముజ్ జలసంధి దాటేటప్పుడు డెక్ మీద దీపాలన్నీ ఆర్పేసేవాళ్లం. పోర్ట్‌హోల్‌లకు అట్టలు, వాటి మీద దుప్పట్లు. ఇరాన్ పడవలు ఇంజిన్ మీద కన్నా మనుషులు ఉండే ఎకామడేషన్ మీద రాకెట్లు కొట్టేవి. అందుకని కేబిన్లలో పడుకోకుండా పరుపులు లోపలి వరండాలో వేసుకునేవాళ్లం. కింద ఇంజిన్ రూములో డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ అట్టల రక్షణ కూడా లేదు. నలభై ఐదు డిగ్రీల వేడిలో గేజీల వైపు చూస్తూ, పైనుంచి వచ్చే ప్రతి చప్పుడుకూ మెట్ల వైపు చూసేవాళ్లం. నా కింద ఒక ఆయిలర్ ఉండేవాడు, సోంపేట వైపు అబ్బాయి. డ్యూటీ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పైకెక్కాక మాత్రం ఆపకుండా వాళ్ల ఊరి కొబ్బరితోటల గురించి చెప్పేవాడు. ఆ యుద్ధంలో 400కు పైగా వాణిజ్య ఓడల మీద దాడులు జరిగాయి, 400 మందికి పైగా నావికులు పోయారు. వాళ్లలో ఎవరికీ షత్ అల్ అరబ్‌తో పని లేదు.

ఇందులోనే మీ సామెతకు జవాబు ఉంది. కువైట్ ఎంత దేశం? దాని ట్యాంకర్లను ఇరాన్ వెతికి వెతికి కొడుతుంటే ఏం చేసిందంటే, ఇటు రష్యాను, అటు అమెరికాను కాపలా అడిగింది. అమెరికా మొదట తటపటాయించింది. సోవియట్లు మూడు ట్యాంకర్లు అద్దెకిస్తామన్నారు. గల్ఫ్‌లోకి రష్యా జెండా వస్తుందనగానే అమెరికా పరుగున వచ్చి 11 కువైట్ ట్యాంకర్లకు తన జెండా కట్టి, యుద్ధ నౌకలను కాపలా పెట్టింది. మొదటి కాన్వాయ్‌లోనే, 1987 జూలై 24న, బ్రిడ్జ్‌టన్ అనే ట్యాంకర్ మైన్‌కు తగిలింది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? కాపలాకు వచ్చిన యుద్ధ నౌకలు ఆ ట్యాంకర్ వెనక్కి చేరాయి. అంత పెద్ద ట్యాంకర్ ఇంకో మైన్ తగిలినా తట్టుకుంటుంది, యుద్ధ నౌక పల్చటి పొట్ట తట్టుకోదు. ఆ వార్త మా ఓడకు రేడియోలో చేరినప్పుడు మెస్సులో ఎవరికీ మాట రాలేదు.

కాబట్టి అవి లేగదూడలు కావమ్మా. వాటికీ కొమ్ములున్నాయి. పెద్దవాటి పోటీని తమ పనికి వాడుకోవడం చిన్న దేశాలకు బాగా తెలుసు. 1977లో సోమాలియా ఇథియోపియాలోని ఒగాడెన్ మీద దండెత్తినప్పుడు, అప్పటిదాకా సోమాలియాకు ఆయుధాలిచ్చిన సోవియట్ యూనియన్ ఇథియోపియా వైపు మారింది. ఇథియోపియాను పోషించిన అమెరికా కొన్నాళ్లకు సోమాలియా దగ్గర చేరింది. సిద్ధాంతాలు ఏమయ్యాయి? పెద్దవాళ్లు కుర్చీలు మార్చుకున్నారు, ఒగాడెన్ తగువు అక్కడే ఉంది.

ఈ కొమ్ములు ఎప్పుడూ చెడ్డవేమీ కాదు. మన విశాఖనే చూడండి. మల్కాపురం దగ్గర రిఫైనరీ 1957లో అమెరికన్ కాల్‌టెక్స్ కట్టింది. నేవల్ డాక్‌యార్డ్‌కూ ఆ తర్వాత ఉక్కు కర్మాగారానికీ సోవియట్ సహాయం వచ్చింది. ఒకే ఊళ్లో ఇద్దరి చేతా పని చేయించుకున్నాం. సాయం తీసుకున్నాం గానీ మన తగువు తీర్చే పని వాళ్ల చేతిలో పెట్టలేదు. 1972 జూలైలో సిమ్లాలో కూర్చున్నది కూడా మనమూ పాకిస్తానే, మూడోవాడు లేడు. సిమ్లా అన్నీ తీర్చలేదని నాకూ తెలుసు. కానీ మన మధ్య గీసుకున్న ఆ నియంత్రణ రేఖ మాస్కోలోనో వాషింగ్టన్‌లోనో గీసింది కాదు.

ఇక మీ అసలు ప్రశ్న: పెద్దవాళ్లు కూర్చుంటే ఆగుతాయా? కొన్నిసార్లు ఆశ్చర్యపోయేంత త్వరగా ఆగాయి. 1956లో సూయజ్ కాలువ కోసం ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీద పడ్డాయి. అమెరికా, రష్యా రెండూ వద్దన్నాయి. అమెరికా ఒక్క తూటా పేల్చలేదు, పడిపోతున్న బ్రిటన్ పౌండుకు అప్పు సాయం అందకుండా చేసింది. బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికులు దిగిన రెండు రోజుల్లోపే కాల్పులు ఆగాయి. కంబోడియాలో కూడా, 1989లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ బీజింగ్ వెళ్లి రష్యా, చైనాల పాత పగ చల్లారాక, ఆ ఏడే వియత్నాం సైన్యం వెనక్కి వెళ్లింది. 1991లో పారిస్‌లో సంతకాలయ్యాయి.

అదే సమయంలో అంగోలా చూడండి. ఆ దేశం నాకు కొంచెం దగ్గర, ఎందుకంటే 1985లో కాబిందా దగ్గర నూనె ఎత్తుకోవడానికి వెళ్లాం. అక్కడ నూనె తీసేది అమెరికన్ కంపెనీ. ఆ నూనె డబ్బుతో నడిచేది సోవియట్ వైపు ఉన్న ప్రభుత్వం. ఆ అమెరికన్ కంపెనీ బావులకు కాపలా క్యూబా సైనికులది. ఆ ప్రభుత్వాన్ని కూల్చడానికి యునిటా అనే దళానికి ఆయుధాలిచ్చేది దక్షిణాఫ్రికా, ఆ తర్వాత అమెరికా కూడా. నేను డెక్ మీద నిలబడి హోస్ వైపు చూస్తూ, ఈ పైపులో వెళ్లే నూనె ఎవరి వైపు అని అడిగాను. మా చీఫ్ ఇంజినీర్ నా వైపు చూసి, "బ్యారెళ్లు లెక్కపెట్టుకో" అన్నాడు.

1988 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒప్పందం కుదిరింది. క్యూబా సైన్యం వెళ్లిపోతుంది, దక్షిణాఫ్రికా నమీబియాను వదులుతుంది. నమీబియా 1990 మార్చిలో స్వతంత్రమైంది. అక్కడి ఐక్యరాజ్య సమితి దళానికి నాయకుడు మన భారతీయ జనరల్ ప్రేమ్ చంద్. అక్కడ తగువు ఒక్కటే: పరాయి పాలన పోవాలి. అది పోయింది, తీరిపోయింది. అంగోలాలో మాత్రం పెద్దవాళ్లందరూ వెళ్లిపోయినా, ఆ ఒప్పందం తర్వాత యుద్ధం ఇంకో పదమూడేళ్లు సాగింది. ప్రభుత్వానికి నూనె ఉంది, యునిటాకు వజ్రాలు దొరికాయి. బయటి డబ్బు ఆగితే సొంత డబ్బుతో సాగించారు. 2002 ఫిబ్రవరిలో యునిటా నాయకుడు సవింబీ చనిపోయాక ఆగింది. ఒకే ఒప్పందం, పక్కపక్క దేశాలు. ఒకచోట గొలుసు వేసి కొలిచారు, ఇంకోచోట కొలవలేదు.

అఫ్గానిస్తాన్ ఇంకా బాధాకరం. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. అయినా మాస్కో, వాషింగ్టన్ తమ తమ మనుషులకు సామాను పంపడం ఆపలేదు. 1991 చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. సాయం ఆగింది, విమానాలకు ఇంధనం లేదు. 1992 ఏప్రిల్‌లో సోవియట్ వైపు ఉన్న నజీబుల్లా ప్రభుత్వం పడిపోయింది. పెద్దవాళ్లకు ఆసక్తి పోయింది, శాంతి రాలేదు. కాబూల్ అంతకుముందు ఎన్నడూ లేనంతగా ధ్వంసమైంది ఆ తర్వాతి ఏళ్లలోనే. పెద్దవాళ్లు తప్పుకుంటే చాలు అనేవాళ్లకు నేను కాబూల్‌ను గుర్తు చేస్తాను.

ఆయుధ కంపెనీల లాభం కోసమే యుద్ధాలు అన్న మాట కూడా తరచూ వింటుంటాం. లాభం ఉంది, కాదనను. కానీ అంగోలాలో సగం పని వజ్రాలు చేశాయి, అంతకన్నా చౌక తుపాకులతో జరిగిన ఘోరాలు చాలా ఉన్నాయి. ఆ మాటతో లోపలి తగువు కనబడకుండా పోతుంది.

మీ తమ్ముడు వెళ్లే ఎర్ర సముద్రం దగ్గరికి వద్దాం. యెమెన్‌లో హౌతీలు అనే తిరుగుబాటు దళం 2014లో రాజధాని సనా పట్టుకుంది. 2015 మార్చి నుంచి సౌదీ కూటమి బాంబులు వేసింది. ఇరాన్ హౌతీల వెనక నిలబడింది. 2023 మార్చి 10న చైనా మధ్యవర్తిత్వంతో సౌదీ, ఇరాన్ బీజింగ్‌లో చేతులు కలిపాయి. సరిగ్గా మీరు కోరుకున్నదే జరిగింది. దాని ఫలం లేకపోలేదు, 2022 నుంచి చల్లబడుతూ వచ్చిన సౌదీ సరిహద్దు మళ్లీ పెద్దగా రగలలేదు. కానీ ఎనిమిది నెలలకు, గాజా యుద్ధం మొదలయ్యాక, హౌతీలు ఓడల మీద పడ్డారు. 2023 నవంబరు 19న గెలాక్సీ లీడర్‌ను హెలికాప్టర్‌తో దిగి పట్టుకున్నారు. అందులోని 25 మంది నావికులు ఇంటికి వెళ్లడానికి పద్నాలుగు నెలలు పట్టింది. హౌతీలకు ఆయుధాలు ఇచ్చేవాడు ఇరానే కావచ్చు, కానీ వాళ్లకు వాళ్ల లెక్కలున్నాయి. తమ జనం ముందు నిలబడాలి, అరబ్బుల్లో పేరు రావాలి. ఇచ్చినవాడి లెక్క, పుచ్చుకున్నవాడి లెక్క: మళ్లీ ఘాజీ కథే.

2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో 22 మంది మన భారతీయులు. సాయానికి వెళ్లి మంటలార్పడంలో పాలుపంచుకున్న యుద్ధ నౌక పేరు ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఆ రోజు టీవీలో మన ఊరి పేరు విని నా కళ్లు తడిశాయి. ట్యాంకర్‌లో మంట అంటే ఏమిటో తెలిసినవాణ్ణి కాబట్టి.

ఇప్పటి కష్టం ఇంకొకటుంది. అప్పట్లో ఇద్దరు పెద్దలుండేవారు. రెండు ఫోన్లతో కొన్ని పనులు జరిగేవి. 1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధానికి కిసింజర్ మాస్కో వెళ్లిన రెండు రోజుల్లోనే భద్రతా మండలి తీర్మానం వచ్చింది. ఇప్పుడు అమెరికా, చైనా, రష్యా కాక తుర్కియే, ఇరాన్, సౌదీ, ఎమిరేట్స్ కూడా ఎవరి పనిలో వాళ్లున్నారు. డ్రోన్ చౌక, తయారు చేయడం తేలిక. సామాను వచ్చే తలుపులు ఎక్కువైనప్పుడు ఒక్క తలుపు మూస్తే సరిపోదు. 2023 ఏప్రిల్ నుంచి సూడాన్ కాలిపోతూ ఉంటే ఆపగలిగినవాడు లేకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

అయినా నాకు ఆశ ఉంది, ఎందుకంటే మధ్యలో చిన్న ఒప్పందాలు కుదరడం చూశాను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు ఓడరేవుల్లో ఓడలు, నావికులు చిక్కుకుపోయారు. మన ఇళ్లలో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎలా పెరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జూలైలో ఐక్యరాజ్య సమితి, తుర్కియే కలిసి నల్ల సముద్రం ధాన్యం ఒప్పందం కుదిర్చాయి. ఇస్తాంబుల్‌లో లంగరేసిన ఓడ మీదికి నాలుగు పక్షాల మనుషులు ఒకే పడవలో వచ్చేవారు: రష్యన్, ఉక్రేనియన్, తుర్కియే, సమితి. హోల్డులు తెరిచి చూసి, కాగితం మీద సంతకం పెట్టి దిగిపోయేవారు. అక్కడ నిప్పు కురుస్తుంటే ఇక్కడ ఆ రెండు దేశాల మనుషులు ఒకే నిచ్చెన ఎక్కేవారు. 2023 జూలైలో రష్యా తప్పుకునేలోగా సుమారు 3.3 కోట్ల టన్నుల ధాన్యం దాటింది. ఇది శాంతి కాదు. కానీ ఎక్కడో ఆకలితో ఉన్నవాడి కంచంలోకి వెళ్లింది.

శాంతి దగ్గర పడుతోందని ఎలా తెలుస్తుంది అన్నారు కదా. నాయకులు కరచాలనం చేసుకున్న ఫోటోలు చూసి మేం ఎప్పుడూ నమ్మలేదు. మేం చూసేది వార్ రిస్క్ ప్రీమియం. లండన్‌లో బీమావాళ్ల కమిటీ ఒకటి ప్రమాదకరమైన సముద్రాల జాబితా పెడుతుంది. అక్కడికి వెళ్లే ఓడ విలువలో ఇంత శాతమని, మామూలుగా ఏడు రోజులకు కట్టాలి. ఎర్ర సముద్రంలో అది 2024 మొదట్లో ఒక శాతం దాకా పోయింది. పది కోట్ల డాలర్ల ఓడ అయితే పది లక్షల డాలర్లు, ఒక్కసారి దాటడానికి. ఆ అంకె వారాల తరబడి మెల్లగా దిగుతుంటే నమ్మండి. దాని తర్వాత చూసేది స్పేర్లు. ఆయుధాలిచ్చేవాళ్లు ప్రకటనలు మానకపోయినా సామాను తగ్గిస్తున్నారా? ఇక మూడోది అన్నిటికన్నా కష్టమైనది: లోపలివాళ్లు గట్టు కొలుచుకోవడానికి సిద్ధమయ్యారా, ఓడిపోయినవాడికి బావి దగ్గరికి దారి వదులుతున్నారా? ఈ మూడోది లేకుండా మొదటి రెండూ కనిపిస్తే, కాసేపు కర్రలు ఆగుతాయని అర్థం.

ఇరాన్, ఇరాక్ సంగతే చూడండి. 1987 జూలైలో భద్రతా మండలి ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఐదుగురు పెద్దలూ ఒప్పుకున్నారు. అయినా ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా 1988 జూలై 3న అమెరికా యుద్ధ నౌక ఒక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది, 290 మంది పోయారు. ఆ తర్వాత రెండు వారాలకు ఇరాన్ తీర్మానాన్ని ఒప్పుకుంది. విషం తాగినట్టుందన్నాడు ఇరాన్ అధినేత ఖొమేనీ. ఆగస్టు 20న కాల్పులు ఆగాయి. 1990లో, కువైట్ మీద పడ్డాక, సద్దాం తానే చించేసిన 1975 ఒప్పందాన్ని మళ్లీ ఒప్పుకుంటానన్నాడు. ఎనిమిదేళ్లు, లక్షల ప్రాణాలు, మొదలైన చోటికే వచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

ఇక మీ తమ్ముడి విషయం. నావికుల సంఘాలు, కంపెనీలు కలిసి చేసుకున్న ఒప్పందం కింద తన ఓడ ఉంటే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కు తనకు ఉంటుంది. అలా చెప్పినందుకు ఉద్యోగం నుంచి తీసేయకూడదు, కంపెనీ ఖర్చుతోనే ఇంటికి పంపాలి. వెళ్తానంటే ఆ రోజులకు బేసిక్ జీతం రెట్టింపు, ఏదైనా జరిగితే పరిహారమూ రెట్టింపు. ఓడ ఉద్యోగానికి సంతకం పెట్టకముందే ఆ ఒప్పందం తన ఓడకు ఉందో లేదో అడగమనండి. పంపే ఏజెంటుకు మన షిప్పింగ్ డైరెక్టరేట్ లైసెన్సు ఉందో లేదో చూసుకోమనండి. లైసెన్సు లేని ఏజెంట్ల ద్వారా వెళ్లిన పిల్లలే ఇలాంటి చోట్ల ఎక్కువ చిక్కుకుంటారు. రానన్నంత మాత్రాన పిరికివాడైపోడు, ఆ మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి. ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ చుట్టూ తిరిగి వెళ్లే ఓడ అయితే పది, పన్నెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఫోన్ ఆలస్యంగా వస్తుంది, కంగారు పడకండి. ఎర్ర సముద్రం మీదుగానే అయితే, దాటే రోజుల్లో ఇంజిన్ రూములోంచి పైకి వచ్చే ఎమర్జెన్సీ ఎస్కేప్ దారి చీకట్లో ఒకసారి ఎక్కి చూసుకోమని నా మాటగా చెప్పండి. మేం ప్రతి ట్రిప్పులోనూ టార్చి లేకుండా, కళ్లు మూసుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాళ్లం. ఆ ఓడలో అరవై రెండు మెట్లు.